గాలం సంగతి తెలిసిన చేప

చిట్టీ, బుజ్జీ,

ఇంగ్లండ్‌లో మీ ఊరి చెరువు దగ్గర పొద్దంతా కూర్చున్నా ఒక్క బంగారుతీగ కూడా పడలేదని రాశారు. గాలం మంచిది కాదేమోనని అనుమానపడ్డారు. గాలం తప్పేం లేదమ్మా. అది రోజూ జనం వచ్చే చెరువు. అక్కడి చేపలకు గాలం సంగతి బాగా తెలుసు.

మన దగ్గర చేప పడితే కూరకే. అక్కడ కార్ప్‌ను, అదే మన బంగారుతీగను, తూచి, ఫొటో తీసి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. అందుకే ఒకే చేప ఏళ్ల తరబడి ఎంతోమందికి చిక్కుతుంది. పీటర్‌బరో దగ్గర బ్లూబెల్ చెరువుల్లో బెన్సన్ అనే పెద్ద కార్ప్ ఉండేది. 2009లో చనిపోయేలోపు 60 సార్లకు పైగా పట్టుబడిందని చెబుతారు. అయితే అన్నీ దానిలా ఉండవు. నెదర్లాండ్స్‌లో బ్యూకెమా అనే శాస్త్రవేత్త 1970లో ప్రచురించిన పరిశోధన చూడండి. ఒక్కసారి గాలానికి పడిన కార్ప్‌లు ఏడాది దాకా మళ్లీ అంత సులువుగా పడలేదు.

కార్ప్ తినే తీరు తెలిస్తే సగం పని అయినట్టే. అది ఎరను కొరకదు. మూతి ముందుకు చాచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. పళ్లు గొంతులో ఉంటాయి, నమిలేది అక్కడే. ఈలోపు ఏమాత్రం తేడా అనిపించినా ఠక్కున బయటికి ఊదేస్తుంది. కొక్కేనికి గుచ్చిన ఎర అయితే ఆ బరువు, ఆ గట్టిదనం దానికి ఇట్టే తెలిసిపోతాయి. దీనికి లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ చక్కటి ఉపాయం కనిపెట్టారు. ఎరను కొక్కేనికి గుచ్చకుండా, దాని కింద సన్నటి పోగుకు వేలాడదీశారు. మొదట్లో నిజంగా వెంట్రుకే వాడారు, అందుకే హెయిర్ రిగ్, అంటే వెంట్రుక అమరిక, అన్న పేరు. ఎర తేలిగ్గా నోట్లోకి పోతుంది, దాని వెంటే ఖాళీ కొక్కెం కూడా పోతుంది. ఊదేయబోతే పెదవికి గుచ్చుకుంటుంది.

ఇప్పుడు అందరూ అదే వాడుతున్నారు కాబట్టి చేపలు దానికీ జాగ్రత్తపడుతున్నాయి. అలాగని షాపుకెళ్లి ఇంకో కొత్త రిగ్ కొనకండి. ముందు ఒక గంట గాలం వేయకుండా గట్టు చుట్టూ మెల్లగా నడవండి. మీ అడుగుల అదురు కూడా చేపకు తెలుస్తుంది. బుడగలు వరసగా లేస్తున్నాయా, ఒకచోట నీళ్లు బురదగా మారాయా చూడండి. కార్ప్ అడుగున మేస్తున్న చోటు అదే. చాలాసార్లు అది గట్టుకు రెండు మూడు గజాల్లోనే ఉంటుంది, మనమేమో చెరువు మధ్యకు విసురుతుంటాం! అక్కడ గుప్పెడు మేత చాలు, లేదా ఒక్క ఎర చాలు. దారాన్ని బిగించకుండా కాస్త వదులుగా నేలకు ఆనేలా వదిలితే చేప ఒంటికి తగిలి బెదరదు.

పడ్డాక మాత్రం తొందర వద్దు. కొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లు లేని కొక్కెమే వాడండి. చేతులు, చేపను పడుకోబెట్టే మ్యాట్ బాగా తడపండి. పొడి చేతులు తగిలితే దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది, రోగాల నుంచి కాపాడేది ఆ పొరే. ఫొటో కోసం నిలబడి ఎత్తుకోవద్దు. మోకాళ్ల మీద కూర్చుని, మ్యాట్‌కు దగ్గరగా పట్టుకోండి.

చిట్టీ, నీకు 13 నిండాయిగా, ఇక రాడ్ లైసెన్స్, అంటే గాలం వేయడానికి అనుమతి పత్రం, ఉండాల్సిందే. 16 దాటేదాకా డబ్బు కట్టక్కర్లేదు, కానీ తీసుకోవడం తప్పనిసరి. ఈ వారమే నాన్నతో చెప్పి తీసుకో.

మీ తాతయ్య