కౌన్సెలింగ్ కంటే ముందు కంటినిండా నిద్ర

2020 మొదట్లో కోవిడ్ చైనాను కమ్ముకుంటున్న రోజుల్లో, చాంగ్షా నగరంలోని సెకండ్ షియాంగ్యా ఆసుపత్రి తన సిబ్బంది కోసం మానసిక సహాయ బృందాన్ని, హాట్‌లైన్‌ను సిద్ధం చేసింది. సిబ్బంది మాత్రం పెద్దగా ముందుకు రాలేదు. నర్సులు చిరాకు పడుతున్నారు, విశ్రాంతి తీసుకోమంటే వద్దంటున్నారు. అయినా అడిగితే ‘మాకేం కాలేదు’ అన్నారు. సంగతేమిటో తెలుసుకుందామని 13 మందితో విడిగా మాట్లాడితే అసలు విషయం బయటపడింది. తమకు సోకుతుందన్న భయం కంటే, ఇంట్లోవాళ్లకు అంటిస్తామేమోనన్న భయం ఎక్కువగా ఉంది. మాట వినని రోగులతో ఎలా నెగ్గుకురావాలో తెలియడం లేదు. రక్షణ సామగ్రి చాలదేమోనన్న బెంగ ఉంది. సైకాలజిస్టు అక్కర్లేదు, మధ్యలో లేపకుండా పడుకోనివ్వండి, సరిపడా కిట్లు ఇవ్వండి అన్నది చాలామంది మాట. ఆసుపత్రి పద్ధతి మార్చుకుంది. విశ్రాంతికి చోటు చూపించింది, భోజనం ఏర్పాటు చేసింది, శిక్షణ ఇచ్చింది. కౌన్సెలర్లు ఆ విశ్రాంతి స్థలానికే వెళ్లి, అక్కడ కూర్చుని వాళ్లు చెప్పేది విన్నారు.

అంటువ్యాధి వేళ వైద్య సిబ్బంది మనసును కాపాడే పని డ్యూటీ చార్టు దగ్గరే మొదలవుతుంది. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997 నాటి ప్రయోగం ఒకటి చూపించింది. 24 గంటలైతే అది దాదాపు 0.10 శాతంతో సమానం. అలాంటి స్థితిలో ఉన్న నర్సు చేయాల్సిన చివరి పని, అన్నిటికంటే ప్రమాదకరమైన పని: రక్షణ దుస్తులు విప్పడం.

దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ముందు గ్లవ్స్, గౌను. చేతులు శుభ్రం చేసుకోవాలి. తర్వాత గాగుల్స్, మళ్లీ చేతులు. అన్నిటికంటే చివర మాస్కు, అదీ ముందుభాగం ముట్టకుండా వెనక పట్టీలు పట్టుకునే తీయాలి. ఆ తర్వాత మరోసారి చేతులు. కిట్ రకాన్ని బట్టి వరస కొద్దిగా మారుతుంది గానీ, తప్పు జరిగే తీరు ఒకటే. గంటల తరబడి నీళ్లు లేక, బాత్రూమ్‌కు వెళ్లే వీలు లేక, చెమటతో తడిసిన మనిషి తొందరపడతాడు. ఒక మెట్టు దాటేస్తాడు. ఇంటికి వెళ్లాక ‘మాస్కు ముందువైపు ముట్టానా?’ అన్న అనుమానం మొదలవుతుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు, మర్నాడు మరో పొరపాటుకు దారి పడుతుంది. అందుకే విప్పే గదిలో ఒక పరిశీలకుణ్ని నిలబెట్టాలి. అతను ఒక్కో మెట్టూ గట్టిగా చదవాలి, పూర్తయ్యాక టిక్కు పెట్టాలి. ఇది ఇన్‌ఫెక్షన్ నివారణ కోసమే పుట్టిన పద్ధతి. కానీ ‘అన్నీ సరిగ్గానే చేశాను’ అన్న నిశ్చింతను ఇంటికి పంపేదీ ఇదే.

నైట్ డ్యూటీలో కునుకు తీయాలంటే 20 నిమిషాల దగ్గర ఆపేయాలి. ఎక్కువసేపు పడుకుంటే గాఢనిద్రలోంచి లేవాల్సి వస్తుంది, లేచాక కొంతసేపు తల దిమ్ముగా ఉంటుంది. అలాంటప్పుడు వెంటనే మందు మోతాదు లెక్క కట్టకూడదు. పడుకోబోయే వేళకు ఆరు గంటల ముందే కాఫీ, టీ ఆపాలి.

అలసట విశ్రాంతితో తీరుతుంది. తీరని గాయం ఇంకొకటి ఉంది. ఇద్దరు రోగులకు ఒకే వెంటిలేటర్ మిగిలినప్పుడు, ఎవరికి పెట్టాలో మంచం పక్కనున్న డాక్టరే తేల్చాల్సి వస్తే, ఆ నిర్ణయం సరైనదైనా నేరం చేసిన భావన అతన్ని వదలదు. దీన్ని నైతిక గాయం అంటారు. ధైర్యవచనాలు దీనికి మందు కావు. ఆ నిర్ణయం భారాన్ని చికిత్స చేసేవాళ్ల భుజాల మీంచి తీసి, ముందే రాసిపెట్టిన నియమాలతో పనిచేసే వేరే కమిటీకి అప్పగించాలి. మేనేజ్‌మెంట్లు చాలాసార్లు దీన్ని రోగుల రద్దీ మొదలయ్యాక ఆలోచిస్తాయి. అప్పటికే ఆలస్యం.

దుర్ఘటన జరగ్గానే అందర్నీ కూర్చోబెట్టి, జరిగిందంతా మళ్లీ చెప్పించే ‘డీబ్రీఫింగ్’ సాయం చేస్తుందని చాలామంది నమ్ముతారు. అలా ఒక్కసారి జరిపే సమావేశాలు పీటీఎస్‌డీని (భయంకర అనుభవం తర్వాత చాలాకాలం వెంటాడే మానసిక సమస్య) ఆపుతాయనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. బలవంతంగా చెప్పిస్తే కొందరికి హాని కూడా జరగొచ్చు. అంతకంటే జోడీ పద్ధతి మేలు. ఒకే రకం పని చేసే ఇద్దర్ని జతచేసి, ప్రతి షిఫ్ట్‌లో రెండు నిమిషాలు కేటాయించాలి. ‘నీళ్లు ఎప్పుడు తాగావు? రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు? ఇవాళ ఏది మనసులోంచి పోవడం లేదు?’ ఈ మూడూ చాలు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పకపోతే తరచి అడగొద్దు, రేపు మళ్లీ అడగొచ్చు.

మొదటి వారాల్లో కలత నిద్ర, పీడకలలు, కన్నీళ్లు చాలామందికి సహజమే, చాలామందికి తగ్గిపోతాయి కూడా. నెల దాటినా ఆ దృశ్యాలు పదేపదే కళ్లముందు తిరుగుతుంటే, ఆ వార్డు వైపు వెళ్లాలంటేనే కాళ్లు ఆడకపోతే, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంటే మానసిక వైద్యుణ్ని కలవాలి. చావు మాటలు వినిపిస్తే నెల ఆగకూడదు. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. జవాబు అవునైతే ఒంటరిగా వదలకూడదు, అదే రోజు వైద్యసాయం అందేలా చూడాలి. వైద్య సిబ్బందికి మందులు చేతికందే దూరంలో ఉంటాయన్నది ఇక్కడ మరవకూడదు. సాయం కోరిన సంగతి ఉద్యోగ రికార్డుల్లోకి ఎక్కదన్న హామీ రాతపూర్వకంగా ఉండాలి. అది లేకపోతే హాట్‌లైన్ మోగదు.

2003లో కెనడాలోని టొరంటోలో సార్స్ (కోవిడ్ లాంటి శ్వాసకోశ అంటువ్యాధి) రోగులకు సేవ చేసిన ఆసుపత్రుల సిబ్బందిని 13 నుంచి 26 నెలల తర్వాత పరిశీలించారు. సార్స్ రోగులు లేని ఆసుపత్రుల వాళ్లతో పోలిస్తే వీళ్లలో మానసిక వేదన, పనిలో నిస్సత్తువ ఎక్కువగా కనిపించాయి. శిక్షణ, అండ సరిగ్గా దొరికాయనుకున్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు. అందువల్ల చివరి రోగి డిశ్చార్జి అయిన రోజే, ఒకటో నెల, మూడు, ఆరు, పన్నెండు, ఇరవైనాలుగో నెల అని పలకరింపుల తేదీలు రాసిపెట్టుకోవాలి. ఆ జాబితాలో వార్డు శుభ్రం చేసినవాళ్లు, అంబులెన్స్ నడిపినవాళ్లు, శవాలను మూటకట్టినవాళ్లు కూడా ఉండాలి. మధ్యలో ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా.