ఇస్త్రీ పెట్టె కాలింది, తీగ ఎందుకు కాలలేదు?

చిన్నా, బుజ్జీ,

మొన్న బుజ్జి ఫోనులో అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. "ఇస్త్రీ పెట్టె అంతగా కాలుతుంది కదా తాతయ్యా, దానికి కరెంటు తెచ్చే తీగ ఎందుకు కాలదు?"

మన ఊరి తిరునాళ్ల గుర్తుందా? రథం వీధిలో జనం హాయిగా నడుస్తారు. గుడి వెనక సందులోకి వచ్చేసరికి భుజాలు రాసుకుంటాయి, చెమటలు పడతాయి. జనం వాళ్లే, దారి వేరు. కరెంటుకు రాగి తీగ రథం వీధి. పెట్టె లోపల నికెల్, క్రోమియం కలిపి చేసిన నిక్రోమ్ తీగ ఉంటుంది. అది ఇరుకు సందు. ఎర్రగా కాలినా తొందరగా పాడవదు కనుక గీజరులోనూ దాన్నే పెడతారు.

ఫ్యూజు తీగ ఇంకో రకం సందు. జనం మించితే తానే కరిగిపోయి దారి మూసేస్తుంది. నా చిన్నతనంలో మా ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మా నాన్నగారు విసుగెత్తి లావుపాటి రాగి తీగ చుట్టారు. ఫ్యూజు మళ్లీ పోలేదు. గోడలోని తీగలు మాడి, వారం రోజులు ఇల్లంతా కమురు కంపు! పోయిన ఫ్యూజును తిట్టుకోకండి, అది మన కోసమే పోయింది.

సరే, మళ్లీ తిరునాళ్లకు వద్దాం. ఊరేగింపు కదిలితే అరుగు మీది ముసలాయన తల అటు తిప్పుతాడు కదా? 1820లో డెన్మార్క్‌లో ఆయర్‌స్టెడ్ అనే పంతులుగారు తీగలో కరెంటు పంపినప్పుడు పక్కనున్న దిక్సూచి ముల్లు అలాగే పక్కకు తిరిగింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు! కరెంటు నడిచే తీగే అయస్కాంతంలా పనిచేసింది. మీ నెత్తిమీది ఫ్యాను, పొలంలో మోటారు, గుమ్మం దగ్గర గంట, అన్నీ ఆ ముల్లు సంతానమే.

బందరు చిలకలపూడి గిల్టు నగల సంగతి మరీ చిత్రం. రాగి గాజును బంగారం కరిగి ఉన్న ద్రావణంలో ముంచి కరెంటు పంపితే, బంగారం వచ్చి గాజు మీద పొరగా కూర్చుంటుంది. దీనికి కరెంటు ఒకే వైపు నడవాలి. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు వెళ్లి వస్తుంది. తిరునాళ్ల జనం అలా ఊగితే తొక్కిసలాటే! నా పోలిక ఇక్కడ కుంటింది, దాన్ని ఇంటికి పంపేద్దాం.

మీరొక పని చేయండి. ఇనుప మేకుకు ప్లాస్టిక్ తొడుగున్న సన్నని రాగి తీగను 50 చుట్లు చుట్టి, కొనలు ఒలిచి, టార్చి బ్యాటరీ రెండు చివరలకూ ఆనించండి. మేకు మొనను గుండుసూదుల దగ్గరికి తెచ్చి, ఎన్ని అంటుకున్నాయో చూడండి. గోడకున్న ప్లగ్గు జోలికి మాత్రం పోవద్దు, దాని కరెంటు 230 వోల్టులు. ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టగానే బ్యాటరీ నుంచి తీగ తీసేయండి.

తీసేశాక బుజ్జీ, ఆ తీగ చుట్టను ఒకసారి తాకి చూడు. వెచ్చగా తగిలిందా? అయితే నీ ప్రశ్నలోనూ నా జవాబులోనూ ఒక చిన్న తప్పు ఉంది. అదేమిటో కనిపెట్టి నాకు రాయి.

మీ తాతయ్య