ఫార్మసీ ల్యాబ్, చంటిబిడ్డ: అపోహలు - వాస్తవాలు

భీమవరం, అమలాపురం, కాకినాడ చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల్లో పాఠాలు చెబుతూ, పీహెచ్‌డీ చేస్తున్న ఆడవాళ్లకు నెల తప్పగానే వినిపించే మాట "ఇక ల్యాబ్ సంగతి మర్చిపో". మానేయాల్సింది ల్యాబ్‌ని కాదు, అందులో కొన్ని పనుల్ని.

అపోహ: మాస్కు, గ్లవ్స్ ఉంటే ఏ పనైనా చేసుకోవచ్చు.

వాస్తవం: ఎన్95 మాస్కు పొడిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. డైక్లోరోమీథేన్ అనే ద్రావకం ఒలికితే ల్యాబ్‌లో వాడే నైట్రైల్ గ్లవ్స్‌లోంచి నిమిషాల్లో ఇంకుతుంది, వెంటనే మార్చేయాలి. వాసన తియ్యగా ఉందని ధీమా పడొద్దు, క్లోరోఫామ్ వాసనా తియ్యనిదే. ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ అద్దం దగ్గర టిష్యూ పేపర్ ముక్క పట్టుకుని చూడండి. లోపలికి లాగకపోతే బాగుచేసేదాకా అందులో పని పెట్టకండి. మెథోట్రెక్సేట్ లాంటి క్యాన్సర్ మందుల పొడి తూయడం, కణాలు బతికున్నాయో లేదో చూసే ఎంటీటీ పరీక్ష, క్లోరోఫామ్‌తో మందును వేరుచేసే ఎక్స్‌ట్రాక్షన్ వేరేవాళ్లకు అప్పగించండి. మామూలు మాత్రల పరీక్షలు, యూవీ కాంతితో మందు కొలవడం, మాత్ర ఎంత త్వరగా కరుగుతుందో చూసే డిసల్యూషన్ మీరే చేసుకోవచ్చు, ఎత్తు స్టూల్ ఒకటి వేయించుకుంటే చాలు.

చాలామందికి నెల తప్పిందని తెలిసేసరికే బిడ్డ అవయవాలు ఏర్పడే దశ మొదలవుతుంది. అందుకే బిడ్డను కనాలనుకున్నప్పుడే గైడ్‌కి చెప్పాలి. మూడో నెల నిండేదాకా బయటపెట్టకూడదనే ఆచారాన్ని చుట్టాల దగ్గర పాటించండి, ల్యాబ్‌లో వద్దు.

అపోహ: పురిటికి వెళ్తే పరిశోధన ఆగిపోతుంది.

వాస్తవం: మనిషి లేకపోయినా నడిచే పనులున్నాయి. 40 డిగ్రీలు, 75 శాతం తేమలో మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసే 6 నెలల స్టెబిలిటీ స్టడీకి మనిషి కావాల్సింది 0, 3, 6 నెలల రోజుల్లోనే. సెలవుకు ముందే శాంపిళ్లు పెట్టేసి, తీయాల్సిన తేదీ, తీసేవాళ్ల పేరు రాసి, శాంపిళ్లుండే చాంబర్ తలుపుకి అంటించండి. మన దగ్గర బెడిసికొట్టేది తుపాను రోజుల్లో. కరెంటు పోయి చాంబర్ చల్లబడుతుంది, ఆ సంగతి ఎవరూ లాగ్‌బుక్‌లో రాయరు. చాంబర్ జనరేటర్ లైను మీద ఉందో లేదో ముందే చూసుకోండి. 28 రోజులు రోజూ డోసు ఇవ్వాల్సిన ఎలుకల స్టడీ మాత్రం ఏడో నెల తర్వాత మొదలుపెట్టొద్దు. మధ్యలో ఆపితే ఎలుకలూ డేటా రెండూ వృథా.

వెళ్లేముందు హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) కాలమ్ కడగడం మర్చిపోకండి. బఫర్ (ఉప్పు కలిసిన ద్రావణం) ఉండిపోతే ఉప్పు గట్టిపడి, తిరిగొచ్చేసరికి ప్రెషర్ పెరిగిపోతుంది. 250 × 4.6 మి.మీ. సీ18 రకం కాలమ్‌కైతే ముందు 90 పాళ్లు నీళ్లు, 10 పాళ్లు మిథనాల్ కలిపి నిమిషానికి 1 మి.లీ. చొప్పున ముప్పావు గంట పంపి, తర్వాత 70 శాతం మిథనాల్‌తో నింపి బిగించండి.

అపోహ: పీహెచ్‌డీ గడువు దాటితే అంతే సంగతులు.

వాస్తవం: 2022 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం ప్రసూతికి, శిశు సంరక్షణకు కలిపి 240 రోజుల వరకు సెలవుంది. గరిష్ఠ గడువులో స్త్రీలకు అదనంగా 2 ఏళ్లు ఇవ్వొచ్చు. గడువు ముగియకముందే గైడ్ ద్వారా కాగితం పెట్టుకోండి.

అపోహ: కాంట్రాక్టు వాళ్లకు ప్రసూతి సెలవుండదు.

వాస్తవం: చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చెబుతోంది, అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించకూడదు. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు అందాలని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దరఖాస్తు నకలు మీద తేదీ, సంతకం తీసుకోండి.

అపోహ: ఉద్యోగంలో చేరితే పాలు మాన్పించాల్సిందే.

వాస్తవం: పిండిన పాలు బయట 4 గంటలు నిలవుంటాయన్న లెక్క 25 డిగ్రీల గదికి. మే నెలలో మన స్టాఫ్ రూముకి అది వర్తించదు. గడ్డకట్టిన ఐస్ ప్యాకులున్న డబ్బాలో 24 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. రసాయనాల ఫ్రిజ్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. ఏప్రన్ ల్యాబ్‌లోనే వదిలి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిండండి, 60 నుంచి 120 మి.లీ. చొప్పున సీసాల్లో పోసి తేదీ, గంట రాయండి. బీఫార్మసీ ప్రాక్టికల్ 4 గంటలు సాగుతుంది. అంతసేపు పిండకపోతే రొమ్ములు గట్టిపడి నొప్పి, జ్వరం రావచ్చు. కాబట్టి టైమ్‌టేబుల్ తయారయ్యే ముందే హెచ్‌ఓడీని (విభాగాధిపతిని) కలిసి, మొదటి రెండు నెలలు థియరీ క్లాసులు మీకు, ప్రాక్టికల్ బ్యాచ్‌లు మరొకరికి వేయించుకోండి.