తూము దగ్గర నీళ్ళు, శివారు మడిలో తడి

అందరికీ కొత్త సంవత్సరం ఉగాదికో జనవరి ఒకటికో వస్తే మాకు మాత్రం మార్చి 31 రాత్రి వస్తుంది. బెంగళూరులో యశవంతపుర వైపు ఒక రీసెర్చ్ సంస్థలో గ్రాంట్స్ ఆఫీసు నాది, అంటే సైంటిస్టులకి ప్రభుత్వం ఇచ్చే ప్రాజెక్టు డబ్బుల లెక్కలు చూసే గదన్నమాట, రెండు కిటికీలు, నాలుగు బీరువాలు, కరెక్ట్‌గా మార్చిలోనే మొరాయించే ఒక ప్రింటర్. ఈసారి ఆ రాత్రి పదకొండు దాకా నేనూ మా అకౌంట్స్ అక్కా కూచున్నది 41 రూపాయల కోసం. ఒక పాత ప్రాజెక్టు డబ్బు బ్యాంకులో ఉన్నన్నాళ్ళు కాస్త వడ్డీ వచ్చింది, ఆ వడ్డీ మనది కాదు, భారత్‌కోశ్ పోర్టల్లో తిరిగి ప్రభుత్వానికి కట్టేయాలి, మేం కట్టిందానికీ బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ 41 రూపాయలు తేడా. తేడా తేలకపోతే యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే కాగితం, మా భాషలో యూసీ, పోదు, యూసీ పోకపోతే వచ్చే ఏడాది వాయిదా రాదు, వాయిదా రాకపోతే రెండో అంతస్తులో పీహెచ్‌డీ చేసే శ్రీకాకుళం అబ్బాయికి ఫెలోషిప్ ఆగిపోతుంది. "ఆ 41 నేనే ఇచ్చేస్తా అక్కా" అన్నాను. "నువ్విస్తే అది ఏ హెడ్‌లో చూపించమంటావు నాయనా" అంది, మదనపల్లె ఆవిడ, ఇలాంటివి చాలా చూసింది.

అదే టైంలో ఢిల్లీ నుంచి ఫోన్. నాతో కర్నూల్లో డిగ్రీ చదివిన ఫ్రెండు, రీసెర్చ్‌కి ప్రభుత్వం తరఫున డబ్బులిచ్చే ఒక ఏజెన్సీలో ప్రోగ్రామ్ ఆఫీసర్, వాడూ ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. "మామా, యాన్యువల్ రిపోర్టులో మా టీమ్ గురించి ఒక పేజీ రాయమన్నారు, ఈ ఏడాది ఏం సాధించామో చెప్పాలంట." ఎన్ని ప్రపోజల్స్ వచ్చాయి, ఎన్ని శాంక్షన్ చేశారు, మొత్తం ఎన్ని కోట్లు, ఈ మూడూ రాసేసి ఆగిపోయాడట, నాలుగో లైను తోచట్లేదు.

నాకు వెంటనే మా కాలువ గుర్తొచ్చింది. మా ఊరు కె.సి. కెనాల్ కింద చివర్లో ఉంటుంది, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పోయే కాలువ. పైన నీళ్ళు వదిలారని పేపర్లో ఫోటో పడేది, పూలూ కొబ్బరికాయలూ నాయకులూ, మా నాయన పేపర్ పక్కన పడేసి, కాలువ చూసుకునే లస్కరు సైకిలు కోసం చూసేవాడు. లస్కరు వచ్చి తూము తలుపు ఎత్తి, గట్టు తెగిన చోట మట్టి వేయించి, పై ఊరోళ్ళు రాత్రిపూట అడ్డంగా పెట్టిన ఇసుక బస్తాలు పీకిస్తేనే మా మడి తడిసేది. అదీ నాట్ల టైముకి తడవాలి, కోతలప్పుడు వచ్చే నీళ్ళు ఎవరికి కావాలి. ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ఇంజినీరు లెక్క, శివారు మడి ఏ తారీకు తడిసిందన్నది మా నాయన లెక్క. "ఆ తారీకులు రాయి రా" అన్నాను వాడితో. నవ్వాడు, అంటే నచ్చలేదని.

పై లెక్క అక్కర్లేదని కాదు. 2023లో పార్లమెంటు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం చేసింది, 2008 చట్టంతో పుట్టిన సర్బ్ అనే పాత రీసెర్చ్ డబ్బుల బోర్డుని అందులో కలిపేసింది, 2024 ఫిబ్రవరిలో అది అమల్లోకొచ్చింది. 2023-28 మధ్య 50,000 కోట్లు అన్నారు, అందులో కేంద్రం వాటా 14,000 కోట్లు, మిగతాది కంపెనీలూ దాతలూ ఇవ్వాలి, నాకైతే ఆ 'మిగతాది' అనే మాట దగ్గరే గుబులు. దేశం మొత్తం రీసెర్చ్ మీద పెట్టేది జీడీపీలో 0.64 శాతం, దక్షిణ కొరియా 5 శాతం దరిదాపుల్లో పెడుతుంది. అంటే డ్యామ్‌లోనే నీళ్ళు తక్కువ. ఉన్న నీళ్ళు కూడా ఐఐటీల్లాంటి పై ఆయకట్టే ఎక్కువ తాగేస్తుంది, రాష్ట్ర యూనివర్సిటీలు శివారు. ఇప్పుడు ఆ కొత్త ఫౌండేషన్ పెద్ద సంస్థని హబ్‌గా పెట్టి చుట్టూ చిన్న యూనివర్సిటీలని కలిపే పథకం ఒకటి తెచ్చింది, ఆలోచన మంచిదే, పిల్లకాలువలు తవ్వడం లాంటిది, తవ్వాక పూడిక తీసేదెవరన్నదే చూడాలి.

శ్రీకాకుళం అబ్బాయి సంగతి చెబుతాను. వాడు కప్పల మీద పనిచేస్తాడు. ఆగుంబె వైపు పడమటి కనుమల్లో, వానలు పడగానే మగకప్పలు కూస్తాయి, ఆ కూతలు రికార్డు చేసి, కప్ప చర్మం మీద దూదిపుల్లతో రాసి, ఆ డీఎన్ఏతో ఇది ఏ జాతి అని తేల్చడం పని. జూన్‌లో మొదలవ్వాలి. పోయినేడాది వాడి ప్రాజెక్టుకి శాంక్షన్ ఆర్డర్ ఏప్రిల్లోనే వచ్చింది, డబ్బు అక్టోబర్లో వచ్చింది. పేరెందుకులే, అది ఇంకో ఏజెన్సీ. అక్టోబర్ కల్లా కప్పలు గప్‌చుప్. రిపోర్టు ప్రకారం ఆ ఏడాది డబ్బు ఇచ్చారు, నిజమే, వాడి ప్రకారం ఒక సీజను పోయింది, పీహెచ్‌డీలో సీజన్లే నాలుగో అయిదో ఉంటాయి. పైగా ఫెలోషిప్ కూడా దాంట్లోంచే. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, 2023 జనవరి నుంచి నెలకి 37,000 అయింది, సంతోషమే, అది నెలనెలా వస్తేనే కదా జీతం, ఆర్నెల్లకోసారి వస్తే అదేదో పంట డబ్బు. "అన్నా, ఇంట్లో అడగలేను, చదువుకుంటుంటే డబ్బులు కూడా ఇస్తారని చెప్పి వచ్చాను" అన్నాడు ఒకరోజు క్యాంటీన్లో, బై టు కాఫీ చెప్పి సగం గ్లాసు నా వైపు జరుపుతూ. వాడు అద్దెకుండే పీజీ ఆంటీకి మూడు నెలలు బాకీ అప్పటికి.

మార్చి 29న వాడికో డబ్బా వచ్చింది, ఏడాది చివర మిగిలిన డబ్బు వెనక్కి పోకుండా ఆర్డర్ పెట్టింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు, ఎండలో థర్మోకోల్ డబ్బా, వీడు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాడు. టేపు కోసి మూత తీస్తే డ్రై ఐస్ పొగ, అడుగున చిటికెన వేలంత ట్యూబులో సగం కూడా లేని ఎంజైము. దాని పేరు టాక్ పాలిమరేజ్, డీఎన్ఏకి కాపీలు తీసేది అదే. ఆ ట్యూబుకో కథ ఉంది, మా ఫ్రెండుకి ఆ రాత్రి చెప్పింది అదే.

1960లలో థామస్ బ్రాక్ అనే మైక్రోబయాలజిస్టు అమెరికాలో యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో ఏం బతుకుతుందో చూద్దామని పోయాడు. డబ్బు ఇచ్చింది అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్, 1950లో పుట్టిన ప్రభుత్వ ఏజెన్సీ. 70 డిగ్రీల వేడిలో హాయిగా బతికే బ్యాక్టీరియా ఒకటి దొరికింది, థెర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టి 1969లో పేపర్ వేశారు. ఆ ఏడాది యాన్యువల్ రిపోర్టులో దాని గురించి ఏం రాసుంటారో ఊహించండి, వేడినీళ్ళలో పురుగు దొరికింది అనా? 1983లో కేరీ మల్లిస్ పీసీఆర్ కనిపెట్టాడు, డీఎన్ఏని వేడిచేసి విడదీసి చల్లార్చి కాపీలు తీయడం, చిక్కేంటంటే ప్రతి రౌండులో ఆ వేడికి ఎంజైము చచ్చేది, మళ్ళీ పొయ్యాలి. అప్పుడు ఈ వేడినీళ్ళ బ్యాక్టీరియా ఎంజైము గుర్తొచ్చింది, 95 డిగ్రీలకి కూడా చావదు కాబట్టి ఒకసారి వేస్తే చాలు. కోవిడ్‌లో మన ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్టీపీసీఆర్‌కి మూలం అక్కడుంది. మరుగునీళ్ళ పక్కన పుట్టినదాన్ని మేమేమో మైనస్ 20లో దాచుకుంటాం.

మనవాళ్ళ సంగతే తీసుకున్నా అంతే. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో హార్వర్డ్‌కి పోవడానికి సాయం చేసినవాళ్ళలో కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ ఉంది. తర్వాత పాతికేళ్ళకి అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన టీమ్ తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లలకి వాడి చూశాడు. ఆ ఛారిటీ వాళ్ళకి మనం యూసీ ఫారం ఇస్తే ఏం నింపేవాళ్ళు?

"సరే అవన్నీ గెలిచిన కథలు, వెయ్యిలో ఆ ఒక్కటి ఏదో ముందే ఎలా తెలుస్తుంది, మా పని అదేగా" అన్నాడు వాడు. నిజం చెప్పాలంటే ఎవరికీ తెలీదు. 2018లో అమెరికాలో ఒక స్టడీ చేశారు, 25 అప్లికేషన్లని 43 మంది రివ్యూయర్లకి ఇచ్చి మార్కులు వేయమంటే ఒకరి మార్కుకీ ఇంకొకరి మార్కుకీ పొంతనే లేదు. ఆస్ట్రేలియాలో 2012లో ఒక్క హెల్త్ రీసెర్చ్ పథకానికి 3,727 ప్రపోజల్స్ వచ్చాయి, అవి రాయడానికి సైంటిస్టులకి పట్టిన టైమంతా కలిపితే అయిదు వందల ఏళ్ళ పైమాటే, అయిదింట ఒకటి పాసైంది. అందుకే స్విట్జర్లాండ్ ఏజెన్సీ సమానంగా ఉన్న ప్రపోజల్స్ మధ్య చీటీ తీస్తోంది, న్యూజిలాండ్‌లో ఒక పథకానికి ఇంకా ముందునుంచే ఉంది. చీటీ అంటే మనవాళ్ళు కొట్లాటకొస్తారు గానీ నాకైతే అది నిజాయితీగానే అనిపిస్తుంది. ఎంపిక ఎలాగూ సగం గుడ్డిదే అయినప్పుడు, చేతిలో ఉన్న పని, అంటే డబ్బు టైముకి పంపడం, అదన్నా గట్టిగా చేయాలి కదా.

చేసేవాళ్ళు లేరని కాదు. 2025 జూన్‌లో ఆర్థిక శాఖ సైంటిఫిక్ సంస్థలకి కొటేషన్ లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకి పెంచింది, చిన్న వార్తే, ఎవరూ పట్టించుకోలేదు, మా అక్క మాత్రం ఆ ఆర్డర్ ప్రింట్ తీసి బీరువా తలుపుకి అంటించింది. మా ఫ్రెండు టీమ్‌లో కూడా ఒక కుర్రాడున్నాడు, ఎవరు ఏ ఊరి నుంచి ఫోన్ చేసినా ఎత్తి ఫైలు ఎక్కడుందో చెప్తాడు, లేకపోతే కనుక్కుని తనే తిరిగి చేస్తాడు. మా కప్పల ఫైలు ఏ టేబుల్ మీద ఇరుక్కుందో వేరే ఏజెన్సీలో కూడా అడిగి కనుక్కుంది వాడే. లస్కరంటే వాడు. "ముందు వాడి పేరు రాయి రా ఆ పేజీలో" అన్నాను.

41 రూపాయలు పన్నెండు దాటకముందే దొరికింది, బ్యాంకువాళ్ళు డిసెంబర్ వడ్డీని జనవరి 2న వేశారు, మేం చూసింది డిసెంబర్ 31 దాకానే. అక్క భారత్‌కోశ్ రసీదు ప్రింట్ కొడితే ప్రింటర్ మూడోసారికి పలికింది.

ఏప్రిల్ 1 పొద్దున ఫ్రెండు వాట్సాప్‌లో రిపోర్టు పేజీ పంపాడు, టీమ్ ఫోటోతో సహా. ఫోటోలో ఎనిమిది మందే ఉన్నారు. ఫోన్ ఎత్తే కుర్రాడేడి అని అడిగాను. వాడిది కాంట్రాక్టు మామా, నిన్నటితో అయిపోయింది, రెన్యువల్ ఆర్డర్ ఇంకా రాలేదు అన్నాడు.