ముప్పై రోజులా, ముగింపా: డబ్ల్యూడబ్ల్యూఈ డ్రగ్ పరీక్షల వెనుక కథ

2016 జూన్‌లో అమెరికా రెజ్లింగ్ ప్రదర్శనల సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ స్టార్ రోమన్ రెయిన్స్ డ్రగ్ పరీక్షలో దొరికిపోయాడు. శిక్ష 30 రోజుల సస్పెన్షన్. సాకులు చెప్పకుండా అభిమానులకు క్షమాపణ చెప్పాడు, నెల తిరగ్గానే మళ్లీ బరిలోకి దిగాడు. మరుసటి ఏప్రిల్‌లో సంస్థ ఏటా జరిపే అతిపెద్ద ప్రదర్శన రెజిల్‌మేనియా చివరి పోరులో దిగ్గజ రెజ్లర్ అండర్‌టేకర్‌ను ఓడించాడు. 2020 నుంచి 2024 దాకా 1,316 రోజులు చాంపియన్‌గా ఉన్నాడు. ఆ 30 రోజులు సరిపోయాయా అన్న వాదన మాత్రం అభిమానుల మధ్య ఆగలేదు.

ఆ వాదనలో దిగేవారు తరచూ మరిచిపోయే విషయం ఒకటుంది. ఒలింపిక్స్‌లో నిషేధిత మందు వాడినవాడు ఎదుటివాడి పతకం కాజేస్తాడు. ఇక్కడ గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయి కాబట్టి ఎదుటివాడికి పోయేదేమీ లేదు. పోయేది వాడినవాడి గుండె, కాలేయం, చివరికి ప్రాణం. ఇప్పటి పరీక్షలు పుట్టింది అలాంటి చావులను చూసే. అందుకే రెండో అవకాశాన్ని తూచాల్సింది శిక్ష ఎంత పడిందని కాదు, మనిషి బతికి బట్టకట్టాడా లేదా అని.

మొదటి కుదుపు 1991లో వచ్చింది. పెన్సిల్వేనియాలో రెజ్లింగ్ పోటీల దగ్గర విధులు నిర్వహించిన డాక్టర్ జార్జ్ జహోరియన్‌కు కండలు పెంచే స్టెరాయిడ్లు అమ్మిన నేరం కింద శిక్ష పడింది. అప్పటికి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌గా ఉన్న సంస్థ ఆ వేడిలో పరీక్షలు మొదలుపెట్టింది. 1994 జులైలో యజమాని విన్స్ మెక్‌మాన్ న్యూయార్క్ ఫెడరల్ కోర్టు బోను ఎక్కాడు. తన జీతం చెక్కు, అభిమానుల ఉత్తరాలతో పాటు స్టెరాయిడ్లు కూడా కంపెనీ కార్యాలయంలోనే తీసుకునేవాడినని స్టార్ రెజ్లర్ హల్క్ హోగన్ సాక్ష్యం చెప్పాడు. జ్యూరీ మెక్‌మాన్‌ను నిర్దోషిగా వదిలేసింది. 1996లో పరీక్షలు అటకెక్కాయి.

ఆ తర్వాతి పదేళ్ల నిర్లక్ష్యాన్ని నేను క్షమించలేను. ఇతర క్రీడల్లో ఉన్నట్టు విరామ కాలం లేదు. ఏడాది పొడవునా ప్రయాణాలు, దెబ్బల మీద దెబ్బలు. నొప్పి మాత్ర లేనిదే బరిలోకి, నిద్రమాత్ర లేనిదే పడక మీదికి వెళ్లలేని పరిస్థితి చాలామందిది. 1997లో రెజ్లర్ బ్రయాన్ పిల్‌మన్ 35 ఏళ్లకే పోయాడు. 2002లో డేవీ బాయ్ స్మిత్, 39 ఏళ్లు. 2003లో కర్ట్ హెన్నిగ్, 44 ఏళ్లు.

ఆ తర్వాత ఎడ్డీ గెరెరో. నొప్పి మాత్రల వ్యసనానికి 2001లో అతన్ని చికిత్సకు పంపారు. అదే ఏడాది నవంబరులో తాగి కారు నడిపి పట్టుబడటంతో ఉద్యోగం పోయింది. అతను మానేశాడు, నిజంగానే మానేశాడు. 2002లో తిరిగి తీసుకున్నారు. 2004 ఫిబ్రవరిలో బ్రాక్ లెస్నర్‌ను ఓడించి చాంపియన్ బెల్టు ఎత్తుకున్నాడు. రెండో అవకాశాన్ని అంత గొప్పగా నిలబెట్టుకున్నవారు రెజ్లింగ్‌లో అరుదు. 2005 నవంబరు 13న మినియాపొలిస్‌లోని హోటల్ గది స్నానాల గదిలో పడిపోయి ఉన్న అతన్ని అన్నకొడుకు చావో చూశాడు. వయసు 38. వ్యసనం వదిలి నాలుగేళ్లయినా, పాడైన గుండె కోలుకోలేదు.

మూడు నెలలకు, 2006 ఫిబ్రవరిలో, వెల్‌నెస్ విధానం పేరుతో కొత్త పరీక్షల నియమావళి ప్రకటించారు. మొదటిసారి దొరికితే 30 రోజులు, రెండోసారి 60, మూడోసారి ఉద్వాసన. గుండె పరీక్షలు కూడా అందులో భాగం. ఎమ్‌వీపీ అనే రెజ్లర్‌కు పుట్టుకతో ఉన్న గుండె లోపం 2007లో బయటపడింది ఆ పరీక్షల వల్లే. మరోవైపు, ముందే హెచ్చరించి పరీక్షించినా తొలి ఏడాది 40 శాతం మంది దొరికారని అమెరికా ప్రతినిధుల సభ కమిటీ విచారణలో తేలింది. 2007 జూన్‌లో రెజ్లర్ క్రిస్ బెన్వా భార్యను, ఏడేళ్ల కొడుకును చంపి తానూ ప్రాణం తీసుకున్నాడు. ఆ ఘోరానికి మందులే కారణమని తేల్చలేం, అతని మెదడు కూడా తీవ్రంగా దెబ్బతిని ఉంది. అయినా ఒత్తిడి పెరిగింది. ఆ నవంబరు నుంచి దొరికినవారి పేర్లు బయటపెట్టడం మొదలైంది.

నియమం కాగితం మీద అందరికీ ఒకటే. 2008 మార్చిలో రెండోసారి దొరికి 60 రోజులు దూరమైన జెఫ్ హార్డీ అదే డిసెంబరులో చాంపియన్ అయ్యాడు. 2009 జూన్‌లో ఉమాగా కూడా రెండోసారి దొరికాడు. చికిత్సకు వెళ్లనన్నాడు, ఉద్యోగం పోయింది. డిసెంబరులో గుండెపోటుతో చనిపోయాడు, 36 ఏళ్లకు. చికిత్స షరతు పెట్టడం సరైనదే. కానీ ఒప్పుకోని మనిషిని వదిలేస్తే అతను ఏమవుతాడో ఈ విధానం పట్టించుకోలేదు. 2016లో, గెలుపోటములు ముందే తేలని నిజమైన పోరాటాలు జరిపే యూఎఫ్‌సీ సంస్థ పోరుకు సంబంధించిన పరీక్షల్లో లెస్నర్ విఫలమైతే, అతను పూర్తికాలపు రెజ్లర్ కాడు కనుక మా విధానం వర్తించదని డబ్ల్యూడబ్ల్యూఈ చెప్పింది. ఆగస్టులో డబ్ల్యూడబ్ల్యూఈ పెద్ద ప్రదర్శన సమ్మర్‌స్లామ్‌లో అతనే ప్రధాన ఆకర్షణ. రెయిన్స్ సస్పెన్షన్ జరిగింది కూడా ఆ వేసవిలోనే.

నా మటుకు నాకు, రెండో అవకాశం ఇవ్వాల్సిందే. రెయిన్స్‌కు ఇచ్చింది తప్పు కాదు. 2007 నుంచి సంస్థ వదిలి వెళ్లినవారి వ్యసన చికిత్సకూ డబ్ల్యూడబ్ల్యూఈ డబ్బు కడుతోంది. జేక్ రాబర్ట్స్, స్కాట్ హాల్ లాంటి మాజీ రెజ్లర్లు ఆ సాయం పొందారు. ఇంత మందిని పోగొట్టుకున్నాక చేసిన మంచి పని అది. తప్పు ఎక్కడుందంటే, ఆ అవకాశం ఎవరికి దక్కాలో తేల్చే చోట. ఒలింపిక్ క్రీడాకారుడు అప్పీలు చేసుకోవడానికి స్విట్జర్లాండ్‌లో క్రీడా న్యాయస్థానం ఉంది. ఈ రెజ్లర్లు కాగితాల మీద ఉద్యోగులు కూడా కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. వారికి యూనియన్ లేదు. పరీక్షించే ల్యాబ్ బయటిదే అయినా దాన్ని నియమించేది, ఎవరికి వర్తిస్తుందో చెప్పేది, మళ్లీ ఎవరిని పిలవాలో నిర్ణయించేది, ఆ మనిషి బరిలోకి దిగితే టికెట్లు అమ్ముకునేది ఒకే కంపెనీ.