పాసడీనా బంగళాల వరుస: రక్షణ వెనుక చరిత్ర, ఇప్పటి తగువు

ఇళ్ల కొరత తీర్చడానికి కాలిఫోర్నియా 2021లో సెనేట్ బిల్లు 9 అనే చట్టం చేసింది. ఒకే కుటుంబానికి కేటాయించిన స్థలాన్ని రెండుగా విడగొట్టి అదనంగా ఇళ్లు కట్టుకోవచ్చన్నది దాని సారాంశం. చారిత్రక ప్రాంతాలకు మాత్రం మినహాయింపు ఉంది. తమ ల్యాండ్‌మార్క్ డిస్ట్రిక్టులకు, అంటే పాత ఇళ్ల రూపం మారకుండా నగరం రక్షణ కల్పించిన ప్రాంతాలకు, ఆ మినహాయింపు వర్తిస్తుందని లాస్ ఏంజెలెస్ పక్కనున్న పాసడీనా నగరం ప్రకటించింది. 2022 మార్చిలో రాష్ట్ర అటార్నీ జనరల్ దానికి అభ్యంతరం చెబుతూ లేఖ రాయడంతో తగువు వీధికెక్కింది. పాత ఇళ్ల మీద ప్రేమ పేరుతో కొత్తవారికి తలుపులు మూస్తున్నారన్నది ఒక వాదం. ఈ వీధులు పోతే తిరిగి రావన్నది మరొకటి. రెండింటిలోనూ నిజం ఉంది కాబట్టే దీని పూర్వాపరాలు తెలియాలి.

పాసడీనాలో మొట్టమొదటి ల్యాండ్‌మార్క్ డిస్ట్రిక్టు బంగలో హెవెన్. ఇక్కడున్న 800కు పైగా ఇళ్లలో ఎక్కువభాగం 1900-1930 మధ్య కట్టినవి. వీటి శైలి మూలాలు ఇంగ్లండ్‌లో ఉన్నాయి. యంత్రాలతో గుట్టలుగా తయారయ్యే నాసిరకం అలంకారాల మీద విసుగుతో ఇంగ్లండ్‌లో విలియం మోరిస్ వంటివారు చేతిపనికి మళ్లీ గౌరవం తెచ్చారు. ఆ ఆలోచనను అమెరికాలో ఇంటింటికీ చేర్చింది గుస్తావ్ స్టిక్లీ 1901 నుంచి 1916 వరకు నడిపిన 'ది క్రాఫ్ట్స్‌మన్' పత్రిక. శైలికి ఆ పేరే స్థిరపడింది. ఒకే అంతస్తు, వాలు కప్పు, ముందు విశాలమైన వసారా ఉన్న ఇంటి రూపం మాత్రం బెంగాల్‌ది. బ్రిటిష్ అధికారుల వెంట అది సముద్రాలు దాటింది. పాసడీనాలో చార్లెస్, హెన్రీ గ్రీన్ సోదరులు దానికి జపాన్ వడ్రంగపు మెలకువలు జోడించారు. 1908లో గ్యాంబుల్ కుటుంబం కోసం వారు రూపొందించిన ఇల్లు ఈ శైలికి శిఖరం. కానీ అది ధనవంతుల ఇల్లు. బంగలో హెవెన్‌లోనివి మామూలు సంపాదనతో బతికేవారు కట్టుకోగలిగినవి. చాలావాటిని స్థానిక మేస్త్రీలు పుస్తకాల్లో దొరికే ప్లాన్లు చూసి కట్టారు.

అందుకే వీటిని ఒక్కొక్కటిగా చూసి ఇందులో గొప్ప ఏముందని అడిగేవారు పొరబడతారు. వీటి విలువ వరుసలో ఉంది. వాగులోంచి తెచ్చిన గుండ్రాళ్లతో కట్టిన స్తంభాలు, కింద వెడల్పుగా మొదలై పైకి సన్నబడుతూ వసారా కప్పును మోస్తాయి. చూరు కింద దూలాల కొనలను పలకలతో కప్పెయ్యకుండా కనబడేలా వదిలేస్తారు. పైకి జరిపే పాత కిటికీ చట్రం లోపల ఒక ఇనుప బరువు, దానికి కట్టిన నూలు తాడు, పైన చిన్న కప్పీ ఉంటాయి. ఆ బరువు వల్ల కిటికీ ఎక్కడ ఆపితే అక్కడే నిలుస్తుంది. తాడు తెగితే మరో తాడు కడితే సరి. దాన్ని పీకి ప్లాస్టిక్ కిటికీ పెట్టినవారు ముదురు కలపను చెత్తలో పారేసి, పాడైతే మొత్తంగా మార్చవలసిన వస్తువును కొనుక్కున్నట్టే.

నగరానికి ఈ విలువ ఆలస్యంగా తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ శైలి మోటుగా, చీకటిగా కనిపించింది. గ్యాంబుల్ ఇంటినే అమ్మకానికి పెట్టాలనుకున్నప్పుడు, చూడవచ్చినవారు లోపలి చెక్కపనికి తెల్లరంగు వేస్తామనడంతో ఆ కుటుంబం మనసు మార్చుకుందని చెబుతారు. 1966లో దాన్ని నగరానికి అప్పగించారు. సామాన్యుల ఇళ్లకు అలాంటి యజమానులు లేరు. 210 ఫ్రీవే అనే పెద్ద రహదారి వేసినప్పుడు నగరంలో ఎన్నో పాత ఇళ్లు నేలమట్టమయ్యాయి. 1980ల మధ్యలో బంగలో హెవెన్‌లో ఒక బంగళాను కూల్చి అపార్ట్‌మెంట్ కట్టడంతో ఇరుగుపొరుగు ఏకమయ్యారు. వారి పట్టుదల వల్లే 1989లో రక్షణ లభించింది. 2008లో ఈ ప్రాంతం జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. కాలిఫోర్నియాలో 1972 నుంచి ఉన్న మిల్స్ చట్టం కింద, పాత ఇంటిని సక్రమంగా కాపాడతామని ఒప్పందం రాసిచ్చిన యజమానికి ఆస్తిపన్ను తగ్గుతుంది.

విమర్శకులు గుర్తుచేసే మరో చరిత్రను దాటవేయకూడదు. పాసడీనాలో ఎన్నో ఆస్తుల దస్తావేజుల్లో తెల్లవారు కానివారికి అమ్మరాదన్న షరతులు ఉండేవి. కోర్టులు వాటిని అమలు చేయరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాకే వాటికి చట్టబలం పోయింది. ఒకప్పుడు సామాన్యుడికి అందిన ఈ ఇళ్లు నేడు అతడికి అందవు.

2025 జనవరిలో ఈటన్ కార్చిచ్చు మంటలు పక్కనే ఉన్న ఆల్టడీనా ప్రాంతంలో 9,000కు పైగా కట్టడాలను బూడిద చేశాయి. వాటిలో ఇదే కాలపు, ఇదే శైలి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మిగిలిన వరుసల విలువ ఆ మేరకు పెరిగింది, ఇళ్ల కొరతా పెరిగింది. డిస్ట్రిక్టు నిబంధనలు ప్రధానంగా వీధిలోంచి కనబడే బయటి రూపానికి సంబంధించినవి. ఇంటి లోపల మార్పులకు అవి అడ్డురావు. పెరట్లో చిన్న అదనపు ఇల్లు కట్టుకోవడానికి రాష్ట్ర చట్టం ఎలాగూ దారి చూపుతోంది. నగరం మినహాయింపుల కోసం పోరాడటానికి వెచ్చించే శ్రమను అలాంటి పెరటి ఇళ్ల అనుమతులు త్వరగా, తక్కువ ఖర్చుతో ఇవ్వడానికి మళ్లిస్తే, ముందు వసారా చెక్కుచెదరకుండానే వెనక మరో కుటుంబం ఉండగలదు.