చుట్టూ మంచే, అయినా స్నానం రెండే నిమిషాలు

"దక్షిణ ధ్రువంలో ఎటు చూసినా మంచే కదా, మరి అక్కడి వాళ్ళకి వారానికి రెండు స్నానాలు, అదీ రెండేసి నిమిషాలే అని రేషన్ ఎందుకు?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. అక్కడున్న అమెరికా పరిశోధన కేంద్రం, అముండ్‌సెన్–స్కాట్ స్టేషన్ గురించి రాసేవాళ్ళంతా జిమ్, గ్రీన్‌హౌస్, ఆరు నెలల చీకటి అంటూ చెప్తారు, అవి ఎక్కడైనా దొరుకుతాయి, నాకైతే వాళ్ళ బావి పిచ్చి.

ముందు లెక్క చూద్దాం. అక్కడి మంచు దాదాపు మైనస్ 50 డిగ్రీల్లో ఉంటుంది. కిలో మంచుని సున్నాకి తేవడానికే దాదాపు నూరు కిలోజౌల్స్ కావాలి, కరిగించడానికి ఇంకో 334. బడిలో గుప్తోష్ణం అని బట్టీ పట్టించి వదిలేస్తారు గానీ దాని అసలు బరువు ఇక్కడ తెలుస్తుంది, ఎందుకంటే సున్నా డిగ్రీల మంచుని సున్నా డిగ్రీల నీళ్ళు చేసే వేడితో అవే నీళ్ళని 80 డిగ్రీల దాకా కాచుకోవచ్చు! షవర్ నిమిషానికి ఎనిమిది లీటర్లు అనుకుంటే, ఆ రెండు నిమిషాల నీళ్ళు కరిగించి గోరువెచ్చగా చేయడానికి పావు లీటరు పైనే ఇంధనం కాలినంత వేడి కావాలి. ఆ ఇంధనమేమో స్కీలున్న విమానాల్లో, ట్రాక్టర్ల వెనక ఈడ్చుకుంటూ తేవాలి. చలికాలంలో ఫిబ్రవరి మధ్య నుంచి దాదాపు అక్టోబర్ చివరిదాకా మామూలుగా విమానమే రాదు, ఉన్నదాంతోనే గడపాలి. అదే అంటార్కిటికాలోని ఇంకో అమెరికా స్టేషన్ మెక్‌మర్డో తీరంలో ఉంది కాబట్టి సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసేసి వాడుకుంటుంది, ధ్రువానికి ఆ సుఖం లేదు.

అందుకే రాడ్‌వెల్ అనే ఈ మంచు బావి. రోడ్రిగేజ్ అనే అమెరికా సైనిక ఇంజనీర్ పేరు మీద వచ్చిన పేరు, మొదట గ్రీన్‌లాండ్‌లో వాడారు. వేడినీళ్ళతో మంచులో సన్నటి బిలం కరిగిస్తారు. పైపొరలు స్పాంజిలాంటి మంచు, నీళ్ళు నిలవవు, ఇంకిపోతాయి. బాగా కిందికి, గాలిసందులు మూసుకుపోయిన గట్టి మంచులోకి వెళ్ళాక గుంట కడుతుంది. ఆ నీళ్ళు పైకి లాగి కొన్ని వాడుకుని, మిగతావి వేడి చేసి మళ్ళీ కిందికే పంపిస్తారు, అవి గోడలు కరిగిస్తాయి, గుంట ఉల్లిపాయలా ఉబ్బుతుంది. ఇక్కడే అసలు చమత్కారం! తక్కువ తోడితే గుంట పక్కలకి పెరుగుతుంది, పెరిగిన గోడ అంతా చల్లటి మంచుకి ఊరికే వేడి పోగొడుతుంది. ఎక్కువ తోడితే లోతుకు దిగిపోతుంది, పంపు శ్రమ పెరుగుతుంది. వేడి ఆపేశామా, నెమ్మదిగా గడ్డకట్టుకుపోతుంది. కరెంటు కోసం జనరేటర్లు ఎలాగూ తిరుగుతాయి, ఇంధనంలో చాలా భాగం వేడిగానే పోతుంది, ఆ వేడినే పట్టి బావికి వాడతారు, అంటే బల్బు వెలిగించగా మిగిలినదే తాగునీరు.

ఏళ్ళ తరబడి తోడాక బావి మరీ లోతైపోతే వదిలేసి కొత్తది మొదలుపెడతారు. పాతదాంట్లోకి మురుగు నీళ్ళు వదులుతారు! మంచు ఏడాదికి పది మీటర్ల చొప్పున జరుగుతోంది కదా, మురుగూ దాంతోపాటే సముద్రం దారి పడుతుంది.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. తాగేది వందల ఏళ్ళ కింద కురిసిన మంచు. అప్పట్లో దాంతోపాటు రాలిన ఉల్కాధూళి కరగదు కాబట్టి బావి అడుగున పేరుకుంటుంది. 1995లో శాస్త్రవేత్తలు ఒక యంత్రాన్ని దింపి ఆ అడుగుని వాక్యూమ్‌తో ఊడ్చినట్టు పీల్చించి, ఆకాశం నుంచి పడ్డ గుండ్రటి రేణువులు ఏరి లెక్కపెట్టారు. స్టేషన్‌కి నీళ్ళు తోడే పంపు మాత్రం ఆ ధూళికి పైనే వేలాడుతుంటుంది.